అంకె ఎవరి వైపు తిరిగి ఉంది?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని)

2025 నవంబరులో కార్తీక పున్నమి సెలవుకు ఇంటికి పోయిన నేను, మర్నాడు మా బాపుతో కలిసి పత్తి ట్రాక్టరెక్కి ఒక కొనుగోలు కేంద్రానికి పోయాను. మొంథా తుఫాను వానలు వరంగల్లును ముంచిపోయి అప్పటికి వారం రోజులు. మా పత్తి వానకు ముందు ఏరినదే అయినా గాలిలోని చెమ్మనంతా పీల్చుకున్నది. అక్కడి మనిషి తేమ మీటరు ముల్లును లోడులో ఒకచోట గుచ్చి, మీటరును తన వైపు తిప్పుకొని చూసి, "పదమూడు" అన్నాడు. అంతే! పన్నెండు దాటితే కొనరు. బాపు ఒక్క మాట కూడా అనలేదు. ట్రాక్టరు మళ్ళించుకొని వచ్చాం. కిరాయి దండుగ.

రెండు రోజులు వాకిట్లో ఆరబోసి మళ్ళీ పోయాం. ఈసారి మరో మనిషి ఉన్నాడు. ఆయన మీటరు మా బాపు చేతికే ఇచ్చి, "నీ ఇష్టమున్న కాడ మూడు చోట్ల గుచ్చు పటేలా, నువ్వే చదువు" అన్నాడు. బాపు పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి గుచ్చాడు. మూడుసార్లూ పదకొండుకు అటూ ఇటూగా వచ్చింది. ఆ లెక్కన మాకు కోత తప్పలేదు. 2025–26 సీజనులో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటిన తరువాత పెరిగే ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే సుమారు 81 రూపాయలు, తగ్గిస్తారు. మూడు శాతం కోత పడ్డది. అయినా వచ్చేటప్పుడు బాపు అన్న మాట: "గీ మీటరు మంచిది బిడ్డా. మొన్నటిది దొంగ మీటరు."

రెండూ ఒకే కంపెనీ మీటర్లు. బహుశా అదే మీటరు కూడా కావచ్చు! మొదటి రోజు పదమూడు అన్నది కూడా నిజమే అయివుండవచ్చు. రెండు అంకెలూ బాపుకు నష్టం చెప్పినవే. కానీ ఒకదాన్ని ఆయన నమ్మాడు, రెండోదాన్ని ఇప్పటికీ నమ్మడు. తేడా అంకెలో లేదు, అది ఎవరి వైపు తిరిగి ఉన్నదన్న దాంట్లో ఉంది.

ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ మీటరే. నేను చదివేది గణాంకశాస్త్రం. ఈ ఏడు ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి పత్తి ఏరే ఆడవాళ్ళ కోసం ఒక సంచి తయారుచేసే ప్రాజెక్టు కూడా చేశాను. కనుక ఒక వస్తువును రూపొందించేవాళ్ళు కొలతలతో ఎదుటివాళ్ళ నమ్మకాన్ని ఎట్లా సంపాదిస్తారు, ఎట్లా పోగొట్టుకుంటారు అన్న సంగతి నాకు పుస్తకంలో కొంత, చేనులో కొంత తెలిసింది. చేనులో తెలిసిందే ఎక్కువ.

డిజైన్ అనగానే మనకు చీర అంచు మీది పూలతీగె గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. ఒక పనిముట్టునో, యంత్రాన్నో, ఒక ఫారాన్నో వాడే మనిషి పనిని ముందుగా చూసి, కొలిచి, దానికి తగ్గట్టు వస్తువును మలచడాన్నే ఇప్పుడు డిజైన్ పరిశోధన అంటున్నారు. దాంట్లో వాడేవాళ్ళు ఒక్కరే ఉండరు. కొనేవాళ్ళు, అప్పిచ్చేవాళ్ళు, కూలి ఇచ్చేవాళ్ళు, పక్కన నిలబడి నవ్వేవాళ్ళు, అందరికీ ఆ వస్తువుతో ఎంతో కొంత లాభమో నష్టమో ఉంటుంది. వీళ్ళందరినీ మాటలతో ఒప్పించడం కష్టం కాబట్టి అంకెలు కావాలి. ఇంతవరకు పుస్తకాలన్నీ చెప్తాయి. ఏ అంకె, ఎవరు లెక్కపెట్టిన అంకె అన్న దగ్గరే చిక్కంతా.

* * *

దీనికి మనకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. కాజీపేటలో సికింద్రాబాదు రైలెక్కితే దారిలో ఆలేరు వస్తుంది. ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ పక్కనే శారాజీపేట. శ్రీ చింతకింది మల్లేశం గారి ఊరు. ఆయన పేరు మీద 2019లో సినిమా కూడా వచ్చింది కనుక కథ చాలామందికి తెలిసే ఉంటుంది. నేను చెప్పదలచింది కథ కాదు, అందులో ఉన్న ఒక అంకె గురించి.

పోచంపల్లి పట్టుచీరలో రంగుల బొమ్మ నేతలో రాదు. నేయకముందే నూలుకు ముళ్ళు కట్టి రంగుల్లో ముంచుతారు. అట్లా కట్టడానికి ముందు నూలు పోగును ఒక క్రమంలో పేర్చాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, మేకు మేకుకూ చుడుతూ పోవాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళదే. ఒక చీరకు చెయ్యి సుమారు మీటరు దూరం అటూ ఇటూ 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు మించి ఎవరికీ చేతకాదు. ఒక్కొక్క కదలికకు మీటరే అనుకున్నా ఒక చీరకు తొమ్మిది కిలోమీటర్లయింది. మన వరంగల్ స్టేషను నుంచి కాజీపేట దాకా దాదాపు అంతే ఉంటుంది. అంటే రెండు చీరలు పోసిన తల్లి కూర్చున్న చోటనే, ఒక్క చేత్తో, కాజీపేటకు పోయి వచ్చిందన్నమాట.

మల్లేశం గారి తల్లి లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆయన చదువు బడిలోనే ఆగిపోయింది. 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, ముక్క ముక్కగా, అప్పులు చేస్తూ, ఊరివాళ్ళ ఎగతాళి పడుతూ, నడుమ హైదరాబాదుకు పోయి పనిచేసుకుంటూ 1999లో పూర్తిచేశారు. తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2009లో జాతీయ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. వందల ఇళ్ళకు ఆ యంత్రం చేరింది.

ఇప్పుడు ఆ 9,000 అన్న అంకెను చూడండి. అది ప్రయోగశాలలో పుట్టలేదు. ఆసు పోసే ఏ ఆడమనిషయినా, అక్షరం రాకపోయినా, కూర్చుని లెక్కపెట్టుకోగల అంకె అది. మేకులెన్నో, చుట్లెన్నో ఆమెకు తెలుసు. గంటన్నర అన్నది కూడా అంతే. గోడ మీద గడియారం ఉంటే చాలు. యంత్రం పోసిన పోగు తప్పిందా లేదా అన్నది నేసేవాడికి మగ్గం మీద వెంటనే తెలుస్తుంది, బొమ్మ చెదిరిపోతుంది. మూడు లెక్కలూ వాడేవాళ్ళ చేతిలోనే ఉన్నాయి. యంత్రం చేసినవాణ్ణి నమ్మే అవసరం లేకుండానే యంత్రాన్ని నమ్మవచ్చు. నాకు తెలిసి ఇంతకంటె గట్టి నమ్మకం లేదు.

రెండో ఉదాహరణ దీనికి పూర్తిగా ఎదురు. అది కూడా మన రాష్ట్రంలోనిదే.

పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ మనకు తెలిసిందే. నల్లరేగడి భూముల్లో వాననీటిని నిలిపి రెండు పంటలు తీయడానికి అక్కడి శాస్త్రవేత్తలు ఎత్తు మడులు, కాలువల పద్ధతిని అభివృద్ధి చేశారు. అందుకు చక్రాల మీద నడిచే ఒక ఎడ్ల పరికరం కావాలి. దానికే నాగలి, దానికే గొర్రు, దానికే గుంటుక బిగించుకోవచ్చు, విప్పితే బండి. కాగితం మీద చూస్తే అంతకంటె ఏం కావాలి? పరిశోధనా క్షేత్రంలో తీసిన కొలతలన్నీ బాగున్నాయి. ఒక జత ఎడ్లు ఎంత భూమి చేస్తాయి, ఎన్ని గంటల్లో చేస్తాయి, ఎకరానికి ఎంత పండుతుంది, అన్నీ లెక్కకట్టారు. ఇట్లాంటి పరికరాలు ఒక్క ఇక్కడే కాదు, ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో కూడా ముప్పై ఏళ్ళపాటు తయారవుతూ వచ్చాయి. 1988లో పాల్ స్టార్కీ అనే పరిశోధకుడు వీటి చరిత్రనంతా ఒక పుస్తకంగా రాశాడు. దాని పేరులోనే తీర్పు ఉంది: పరిపూర్ణం చేశారు, అయినా తిరస్కరించారు. 45కు పైగా నమూనాలు, సుమారు పదివేల పరికరాలు తయారైతే, వాటిని అన్ని పనులకూ కొన్నేళ్ళపాటు వాడిన రైతులు లెక్కలోకి రానంత తక్కువమంది. మిగిలినవి మూలన పడ్డాయి, లేదా ఉత్త బండ్లయ్యాయి.

అది చదివి నేను మా బాపుకు చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బరువెంత?" రెండోది, "మొగలు తిప్పుడు ఎట్ల?" అంటే చేను చివర ఎడ్లను మళ్ళించడం ఎట్లా అని. మూడోది ధర. ఆశ్చర్యమేమంటే స్టార్కీ చెప్పిన కారణాలు కూడా ఇవే. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, మళ్ళించడం కష్టం, ఒక పని నుంచి మరో పనికి విప్పి బిగించడం తలనొప్పి. క్షేత్రంలో కొలిచినవి అబద్ధాలు కావు. రైతు అడిగేవి మాత్రం వేరే. ఇంకొక సంగతి కూడా ఆయన రాశాడు. బాగా వచ్చిన ఫలితాలు అచ్చయ్యాయి, రైతులు వదిలేసిన సంగతి అంతగా అచ్చు కాలేదు. అందువల్ల ఒక దేశంలో విఫలమైన పరికరాన్నే మరో దేశంవాళ్ళు ఎంతో ఆశగా మళ్ళీ తయారుచేశారు. మేము పరీక్షల్లో వక్రరేఖ మీద పడని బిందువును రబ్బరుతో తుడిచేస్తుంటాం కదా, అట్లాంటిదే. మా లెక్చరర్లు ఈ వాక్యం చదవకుండా దాటేస్తారని ఆశిస్తాను.

ఇక మన జిల్లా సంగతి. 1997–98లో వరంగల్లులో పత్తి పోయి, పురుగుల మందు అప్పులు తీరక ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో పెద్దవాళ్ళకు గుర్తే. ఆ తరువాతి సంవత్సరాల్లో గ్లెన్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త మన జిల్లా పల్లెల్లోనే రైతులు విత్తనం ఎట్లా ఎంచుకుంటున్నారో పరిశీలించి 2007లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయన చూసిందేమంటే, ఒక ఏడు ఊరంతా ఒకే పేరు విత్తనం మీద ఎగబడుతుంది, రెండేళ్ళకు దాన్ని వదిలేసి ఇంకో పేరు మీద పడుతుంది. పక్క ఊళ్ళో ఇంకో పేరు. కారణం ఆ విత్తనం గొప్పదనం కాదు, పక్కవాడు వేశాడు కనుక. ఇది రైతు తెలివితక్కువతనమని ఆయన అనలేదు. సంచి మీద పేరు ఏటేటా మారిపోతుంటే, లోపల ఉన్నదేమిటో తెలియకుంటే, రైతు తన చేనులో తాను పరీక్ష చేసి నేర్చుకునే దారి మూసుకుపోతుందన్నాడు. మా బాపు తాత ముత్తాతల నుంచి వచ్చిన జొన్నను చూసి ఏది ఏ నేలకు పనికొస్తుందో చెప్పగలడు. పత్తి సంచి చూసి చెప్పలేడు. తానే కొలిచే వీలు పోయిన చోట మనిషి గాలివార్తను నమ్ముతాడు.

* * *

ఇప్పుడు మా సంచి గురించి.

పత్తి ఏరే ఆడవాళ్ళు పాత చీరను మెడకూ నడుముకూ కట్టి ఒడి చేసుకుంటారు. అది నిండినకొద్దీ మెడను ముందుకు గుంజుతుంది. నేను బడి సెలవుల్లో ఎన్నోసార్లు కట్టుకున్నదాన్నే కనుక ఆ గుంజుడు నాకు తెలుసు. బరువు రెండు భుజాల మీద పడేట్టు, ఒడి కంటె పెద్దగా, అడుగున తాడు విప్పితే పత్తి కుప్పలో పడేట్టు ఒక సంచి గీశాం. మొదట యూరియా బస్తాతో కుడదామనుకున్నాం, చవక కదా అని. దాని ప్లాస్టిక్ పోగులు పత్తిలో కలిస్తే జిన్నింగు మిల్లువాళ్ళు ఒప్పుకోరని మా అమ్మ చెప్పింది. అంతటితో ఆ తెలివి కట్టిపెట్టి నూలుగుడ్డతో ఆరు సంచులు కుట్టించాం.

పుస్తకంలో ఉన్న పద్ధతి ప్రకారం మొదట అభిప్రాయ సేకరణ చేశాం. 1986లో జాన్ బ్రూక్ అనే ఇంజనీరు తయారుచేసిన పది వాక్యాల కొలమానం ఒకటి ఉంది. ఒక వాక్యం వస్తువును మెచ్చుకుంటే తరువాతిది తప్పుపడుతుంది. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. అన్నీ కలిపి నూరుకు లెక్కకడతారు. మామూలుగా వస్తువులకు సగటున 68 దాకా వస్తుంది. మా సంచికి 92 వచ్చింది! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ అంకెను మా బాపుకు చూపించాను. ఆయన, "ఎవల్నడిగినవ్?" అన్నాడు. అమ్మను, లచ్చవ్వత్తను, ఇంకా ఫలానా ఫలానా వాళ్ళను అన్నాను. "నువ్వు కుట్టిచ్చుకొనిపోయి సంచి మంచిగున్నదా అంటె, లేదు బిడ్డా అంటరా? పట్నంల సదువుకునే పిల్లవు."

ఈ మాటనే బెంగుళూరులో కొలిచి చూపించారని తరువాత తెలిసింది. నికోలా డెల్, ఆమె సహచరులు అక్కడ 450 మందితో పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. రెండూ అచ్చంగా ఒకటే అయిన వస్తువులు చూపించి, ఇందులో ఒకటి మేము చేసింది అంటే చాలు, ఆ ఒకటి బాగుందనే అవకాశం సుమారు రెండున్నర రెట్లు పెరిగింది. అడిగే మనిషి దుబాసీని వెంటబెట్టుకొచ్చిన విదేశీయురాలైతే దాదాపు ఐదు రెట్లు! మర్యాదస్తుల దేశం మనది. ఆ మర్యాదనే మేము 92గా లెక్కకట్టుకున్నాం.

కనుక అభిప్రాయాలు పక్కనబెట్టి, ఏరిన కిలోలు తూయాలనుకున్నాం. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మా ఊళ్ళో పత్తి కూలి కిలో లెక్కన. లచ్చవ్వత్త సూటిగా అడిగింది: "నీ సంచితోని తక్కువ ఏరితె నా కూలెవలిస్తరే పిల్లా?" నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో కూడా లేదు. కాసేపు ఆలోచించి, సంచి కట్టుకున్న రోజు ఒడి రోజు కంటె ఎన్ని కిలోలు తగ్గితే అన్నింటి కూలి నేను స్కాలర్‌షిప్పు డబ్బుల్లోంచి ఇస్తానన్నాను. ఎక్కువ వస్తే అది వాళ్ళదే. అప్పుడు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, పరీక్ష ఎట్లా చేయాలో కూడా వాళ్ళే చెప్పసాగారు.

"ఇయ్యాల సంచి, రేపు ఒడి అంటె లెక్క కుదరది. రేపు మంచు పడ్తె పత్తి బరువైతది" అన్నది లచ్చవ్వత్త. "ముగ్గురం సంచి కట్టుకుంటం, ముగ్గురం ఒడి. రేపు మార్చుకుంటం. సాళ్ళు పక్కపక్క సాళ్ళే కావాలె." మా డిపార్టుమెంటులో దీనికి పెద్ద పేరే ఉంది. ఇంగ్లండులో ఫిషర్ పండితుడు పొలాల్లోనే కూర్చుని ఇట్లాంటి సూత్రాలెన్నో రాశాడు. అత్తకు ఆయన ఎవరో తెలియదు, మంచు తెలుసు.

కాంటా అమ్మ చేతికిచ్చాం. కుప్ప దగ్గరికి ఎన్నిసార్లు నడిచారో కూడా లెక్కపెట్టాలనుకున్నాం, సంచి పెద్దది కాబట్టి నడక తగ్గుతుందని మా ఆశ. నేను నోటుబుక్కు పట్టుకొని వెంట తిరుగుతుంటే వాళ్ళకు నవ్వులాట అయింది. చివరకు తలా పిడికెడు చింతగింజలు ఇచ్చాం. కుప్పకు పోయినప్పుడల్లా ఒక గింజ కొంగున ముడివేసుకోవాలి. సాయంత్రం ఎవరి ముడి వాళ్ళే విప్పి లెక్కచెప్పారు.

ఫలితం: ఆరుగురిలో నలుగురు సంచితో ఎక్కువ ఏరారు, ఇద్దరు తక్కువ. మొత్తం మీద మనిషికి ఒక కిలోకు కొంచెం పైన లాభం. నా స్నేహితురాలు ఎగిరి గంతేసింది. కానీ ఒక రూపాయి బిళ్ళను ఆరుసార్లు ఎగరేస్తే నాలుగు గానీ అంతకంటె ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం 64లో 22. అంటే మూడింట ఒక వంతు. సంచిలో ఏ మహిమా లేకున్నా, ఉత్త అదృష్టం వల్లనే ఇట్లాంటి ఫలితం మూడుసార్లలో ఒకసారి వస్తుంది. కనుక సంచితో ఎక్కువ ఏరవచ్చని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. నడక మాత్రం ఆరుగురికీ తగ్గింది. అదృష్టం వల్ల ఆరుకు ఆరూ తగ్గుదల వైపే పడడం 64లో ఒక్కసారే. ఇది నమ్మదగ్గ అంకె. ఇక బాపు కనిపెట్టింది ఇంకొకటి ఉంది. సంచి మూతి వెడల్పు కావడంతో ఎండుటాకు ఎక్కువ పడి పత్తిలో చెత్త పెరిగింది. అది మేము కొలవనే లేదు.

తక్కువ ఏరిన ఇద్దరికీ ఆ సాయంత్రమే, అందరి ముందర, కిలోల తేడా కూలి ఇచ్చేశాను. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అప్పటిదాకా "మంచిగున్నది బిడ్డా" తప్ప మరో మాట అనని వాళ్ళు ఆ డబ్బు చేతులు మారిన తరువాత నోరు విప్పారు. భుజం పట్టీ ఎక్కడ కోస్తుందో ఒకరు చూపించారు. తాడు ముడి పంటితో విప్పవలసి వస్తున్నదని ఒకరన్నారు. నా అంకె నాకే నష్టం తేగలదని వాళ్ళు కళ్ళతో చూశారు కదా. బహుశా అందుకే.

నేను మాత్రం నడక తగ్గిన సంగతి గర్వంగా చెప్పబోయాను. మా అమ్మ ఆపింది.

"నడక తగ్గింది నిజమే. గని గా నడిచేటప్పుడే గదనే మేం నడుము సాపేది!"

పొద్దంతా వంగి ఏరే మనిషికి కుప్ప దాకా పోయిరావడమే విశ్రాంతి. కూలి కిలో లెక్కన కనుక ఊరికే నిలబడితే పక్క సాలు మనిషి ముందుకు పోతుంది. ఒడి నిండిందంటే నడవడానికి సాకు దొరుకుతుంది. ఆ నాలుగడుగుల సుఖాన్ని మా సంచి తగ్గించింది. 64లో ఒకటి అని మేము రుజువు చేసింది వాళ్ళ నష్టాన్ని! ఇన్నేళ్ళు ఒడి కట్టుకున్న నాకు కూడా ఈ సంగతి తట్టలేదు. బహుశా సెలవుల్లో నాలుగు రోజులు ఏరడం వేరు, నాలుగు నెలలు ఏరడం వేరు.

మల్లేశం గారి 9,000 మళ్ళీ గుర్తుకొచ్చింది. ఆ అంకె ఆయన తల్లి భుజంలోంచి వచ్చింది. మాది మా నోటుబుక్కులోంచి వచ్చింది. లెక్కపెట్టే పని వాళ్ళకు అప్పగించాం, చింతగింజలు వాళ్ళ కొంగునే కట్టించాం. కానీ ఏది లెక్కపెట్టాలో మాత్రం వాళ్ళను అడగలేదు. సగం దూరం పోయి ఆగామన్నమాట.

ప్రాజెక్టు నివేదికలో ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాం. 92 మార్కుల సంగతీ రాశాం, అదెందుకు నమ్మకూడదో కూడా రాశాం. ఫలితం ఎదురు వచ్చిన ప్రాజెక్టుకు మార్కులు తగ్గుతాయేమోనని మా ముగ్గురికీ భయమే. ఈ వ్యాసం అచ్చుకు పోయేనాటికి మార్కులు రాలేదు.

సంచిని ఇప్పుడు ఒడి అంత చిన్నగా చేశాం. పట్టీ వెడల్పు పెంచి, మూతి కుదించాం. తాడుకు బదులు కొక్కెం పెట్టాం. ఈసారి కిలోల కంటె ముందు ఏం లెక్కపెడదామని అడిగితే లచ్చవ్వత్త చాలాసేపు ఆలోచించి, "రాత్రి పండుకున్నంక మెడ గుంజి ఎన్నిసార్లు లేస్తమో గది లెక్కవెట్టు" అన్నది. దసరా దాటినంక మొదటి ఏరుడు మొదలవుతుంది. చింతగింజలు తన దగ్గరే ఉన్నాయని, పారేయలేదని, మొన్న ఫోనులో చెప్పింది.